ఏడు లైన్ల ఘాతం

నేను ఒక ఏడు లైన్ల ప్రోగ్రాం ముక్కను. ఆ ఏడింటిలో రెండు లైన్లు ఒట్టి బ్రాకెట్లే, అంటే నిజంగా పని చేసేవి అయిదే. సైకిలుకైతే బెల్లుంటుంది, నాణేనికైతే బొమ్మాబొరుసూ ఉంటాయి. నాకు చూపించుకోవడానికి ఒళ్లంటూ లేదు. నాకొచ్చిన విద్య కూడా ఒక్కటే. ఒక సంఖ్యనూ, దాన్ని ఎన్నిసార్లు వేసి గుణించాలో చెప్పే ఇంకో సంఖ్యనూ నా చేతికిస్తే గుణించి జవాబు చెబుతాను. రెండునూ అయిదునూ ఇస్తే రెండును అయిదుసార్లు వేసి గుణించి ముప్పై రెండు అంటాను. బడిలో దీన్ని ఘాతం అని చెప్పి ఉంటారు, మీరు మర్చిపోయి ఉంటారు. నా పేరూ అదే. పెట్టిన మనిషి తెలుగు మీడియంలో చదువుకుంది మరి.

పుట్టిన కాలేజీ పేరు చెప్పను, అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. బాపట్లకూ చీరాలకూ మధ్యన, ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏటేటా సన్నబడే ఒక ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ అనుకోండి. నేను పుట్టిన ఏడాదే ఆ కాలేజీకి ఎనిమిది కంప్యూటర్లు వచ్చాయి. వాటిని నేర్పే లెక్చరర్ మాత్రం రాలేదు. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ పట్టిక ముందు పెట్టుకుని పైనుంచి కిందికి వేలు పోనిచ్చి, లెక్కలు చెప్పే మాణిక్యాంబ గారి దగ్గర ఆపారు.

"లెక్కలూ కంప్యూటరూ ఒకటే గదమ్మా. మీరే చెప్పేయండి" అన్నారు.

అప్పటికి మాణిక్యాంబ గారికి నలభై ఆరేళ్లు. కంప్యూటర్‌ను దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకుని ఎరగదు. దసరా సెలవులన్నీ సి భాష పుస్తకం ఒకటి ముందేసుకుని కూర్చుంది. అందులో ఘాతం లెక్కకు లైబ్రరీలో పౌ అనే ఫంక్షన్, అంటే నాలాంటి ప్రోగ్రాం ముక్కే, ఉంది, పేరు పెట్టి పిలిస్తే చాలు జవాబు వస్తుందని రాసి ఉంది. లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు, సాఫ్ట్‌వేర్‌తో పాటు ముందే తయారై వచ్చే ఫంక్షన్ల మూట. ఈ పౌ అందులో పెద్ద జమీందారు. మాణిక్యాంబ గారికి ఆ పద్ధతి నచ్చలేదు.

"లోపల ఏం చేస్తందో కనపడకుండా మూత పెట్టిన దాన్ని పట్టుకొని పిల్లలకు నేనేం చెప్పేది?" అని క్లాసులోనే పైకి అనేసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నన్ను రాసింది. నేను పుట్టింది అలా, ఒక లెక్కల టీచరు మొండితనం వల్ల.

పుట్టిన మొదటి అరగంటా నా బతుకు నవ్వులపాలైంది. అంతకు ముందు రోజే ఆమె కూడికల ప్రోగ్రాం చెప్పింది. కూడికకు జవాబు పెట్టుకునే డబ్బాలో మొదట సున్నా వేసుకోవాలి. అదే చేతివాటాన నా డబ్బాలోనూ సున్నా వేసింది. పిల్లలు నీలం తెర మీద నన్ను టైపు చేసి రెండుకు అయిదో ఘాతం ఎంత అని అడిగారు. సున్నా అన్నాను. పదికి రెండో ఘాతం అడిగారు. సున్నా అన్నాను. ఏమడిగినా సున్నాయే. ఎనిమిది కంప్యూటర్లలో ఎనిమిది మంది నేనులు ఒకే మాట మీద నిలబడ్డాం.

వెనక బెంచీ నుంచి ఎస్తేరు రాణి అనే పిల్ల లేచి, "సున్నాతో ఏం గుణించినా సున్నానే గదా మేడం. ఒకటి పెట్టి చూద్దామా?" అంది.

మాణిక్యాంబ గారు బోర్డు కేసి ఓసారి చూసి, "మీలో ఎవురు కనిపెడతారా అని చూస్తన్నా" అంది. మనుషులు ఎంత పెద్ద చదువులు చదివినా ఈ ఒక్క అబద్ధం మాత్రం ఎవరూ నేర్పకుండానే వస్తుంది. నాకు మాత్రం ఆమె మీద కోపం లేదు. అబద్ధమాడుతూనే సున్నా తుడిచి ఒకటి రాసింది, ఆ తర్వాత నేనెప్పుడూ ఆ తప్పు చెప్పలేదు.

అక్కడి నుంచి నేను చేతులు మారడం మొదలైంది. పాలిటెక్నిక్‌లో ప్రోగ్రాం అంటే కంప్యూటర్‌లో కన్నా రికార్డు పుస్తకంలో ఎక్కువ బతుకుతుంది. ఒకరి రికార్డు చూసి ఒకరు దించుకుంటారు. నన్ను గుండ్రటి అక్షరాలతో రాసినవాళ్లున్నారు, చీమలు పాకినట్టు రాసినవాళ్లున్నారు. ఒక మహాతల్లి గుణించే లైను వదిలేసి దించింది. ఆమె రికార్డులో నేను ఎన్ని తిరుగుళ్లు తిరిగినా చేతిలో ఒకటి తప్ప ఇంకేమీ లేకుండా బయటికి వచ్చేవాణ్ని. దానికి కూడా పదికి తొమ్మిది మార్కులు పడ్డాయి, బోర్డరు బాగా గీసిందని.

ఎస్తేరు అలా కాదు. నా పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో తెలుగులో రాసుకుంది: "అయిదుకు మూడో ఘాతం. మొదట చేతిలో 1. ఒక చుట్టు తిరిగితే 5. రెండో చుట్టు 25. మూడో చుట్టు 125. ఇంక ఆగు." నా గురించి ఇంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు. అందుకే ఆమె అంటే నాకు అభిమానం. నా లోపాన్ని మొదట పట్టుకుంది కూడా ఆమే. ఒకరోజు రెండుకు పదిహేనో ఘాతం అడిగింది. ముప్పై రెండు వేల చిల్లర రావాలి. నేను మైనస్ ముప్పై రెండు వేల ఏడువందల అరవై ఎనిమిది అన్నాను. రెండును రెండుతో గుణిస్తూ పోతే మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందని ఆ పిల్ల నోరు తెరిచింది.

"నీ స్కూటరు మీటరు తొమ్మిదులన్నీ అయిపోయినాక ఏం చేసిద్ది? మళ్లా మొదటికి తిరిగిద్ది గదా. ఆ డబ్బాలో అంతే పట్టిద్దమ్మా" అంది మాణిక్యాంబ గారు. ఈసారి నిజంగానే ఆమెకు తెలుసు. రాత్రంతా పుస్తకం తిరగేసింది. కాబట్టి నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ని కాను. చిన్న చిన్న లెక్కలకు మాత్రం నన్ను నమ్మవచ్చు.

కొన్నేళ్లకు మాణిక్యాంబ గారికి బదిలీ అయింది. ఆమె స్థానంలో అసలు సిసలు కంప్యూటర్ చదువు చదివిన ఫణీంద్ర గారు వచ్చారు. వచ్చిన వారంలోనే ల్యాబు మాన్యువల్ తిరగరాసి నన్ను తీసేశారు.

"లైబ్రరీలో పౌ ఉండగా ఈ ఏడు లైన్లు దేనికి? టైము దండగ" అన్నారు.

ఆయన్ను తప్పు పట్టను. పౌకు నాకు రాని విద్యలు చాలా వచ్చు. అరను ఘాతంగా ఇచ్చినా, మైనస్ మూడు ఇచ్చినా తడుముకోకుండా చెబుతుంది. నాకేమో తిరుగుళ్లు లెక్కపెట్టుకోవడం తప్ప ఇంకోటి రాదు. అయినా ఉద్యోగం ఊడితే ఎవరికైనా బాధే. ఏడో నంబరు కంప్యూటర్‌లో న్యూ ఫోల్డర్ రెండు అనే చోట, ఎవరిదో బయోడేటాకూ ఎవరి పెళ్లిదో శుభలేఖకూ మధ్యన పడి ఉన్నాను. ఆ పెళ్లయి వాళ్లకు పిల్లలు కూడా పుట్టి ఉంటారు, నన్ను తెరిచి చూసినవాళ్లు లేరు. చివరికి ఆ పాత కంప్యూటర్లను లారీ ఎక్కించి, వాటి చోట వేరేవి పెట్టారు. అప్పుడు ఈ లోకంలో నేను మిగిలింది ఒక్కచోటే, ఎస్తేరు ఇంట్లో అటక మీద ఉన్న రికార్డు పుస్తకంలో.

ఆ పుస్తకాన్ని అటక మీద నుంచి దించింది సువార్త. ఎస్తేరుకు చిన్నాన్న కూతురు. వరసకు చెల్లెలే గాని వయసులో పదిహేనేళ్ల తేడా. అదే పాలిటెక్నిక్‌లో ఆఖరి ఏడు చదువుతోంది. డిప్లొమా అయినవాళ్లు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే ఈసెట్‌లో ఆమెకు ఆరువందల పన్నెండో ర్యాంకు వచ్చింది. మంచి ర్యాంకు. కానీ రెండో ఏడాదిలో తప్పిన సి ల్యాబు ఒక్కటి మిగిలిపోయింది. అది గట్టెక్కకపోతే డిప్లొమా చేతికి రాదు. డిప్లొమా లేకుండా కౌన్సెలింగ్‌లో సీటివ్వరు. వచ్చే ఏడు మళ్లీ ఈసెట్ రాయాలి, ఇంట్లో అప్పటిదాకా ఆగుతారన్న నమ్మకం ఆమెకు లేదు. ఇంట్లో మగ్గం మీద రెండు చేతులు తక్కువగానే ఉన్నాయి.

ఆ ల్యాబు ఆమె రెండుసార్లు తప్పింది. మొదటిసారి ప్రోగ్రాం బట్టీ పట్టి వెళ్లింది. ఆరో లైను దగ్గర ఒక మాట జారింది, దాని వెనకే మిగతావన్నీ జారిపోయాయి. రెండోసారి బట్టీ వద్దనుకుని సొంతంగా ఆలోచించి రాసింది. ఆ ప్రోగ్రాం సరిగ్గానే నడిచింది. వచ్చిన ఎగ్జామినర్ మాత్రం రికార్డులో ఉన్నదానితో పక్కపక్కన పెట్టి చూసి, కలవలేదని కొట్టేశాడు. ఈ రెండు దెబ్బల తర్వాత సువార్తకు ఆలోచించడమన్నా భయమే, ఆలోచించకపోవడమన్నా భయమే.

దించిన పుస్తకం దుమ్ము దులిపి ఇస్తూ ఎస్తేరు, "మా మేడం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నా. నీకు పనికొచ్చిద్దేమో చూడు" అంది. సువార్త వసారాలో కూర్చుని పేజీలు తిప్పుతూ నా దగ్గర ఆగింది. మార్జిన్‌లోని పెన్సిలు రాత చదివింది. తర్వాత తనే ఒక కాగితం తీసుకుని రెండుకు పదో ఘాతం వేసుకుంటూ పోయింది. వెయ్యిన్నీ ఇరవై నాలుగు వచ్చేసరికి ఆమె మొహంలో వచ్చిన వెలుగు చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్నవాణ్ని, నన్ను ఒకరు అర్థం చేసుకున్నారు.

మర్నాడు ఆ పేజీ ఫణీంద్ర గారికి చూపించింది. ఆయన మంచివాడు, ఆమె పాసవ్వాలని ఆమెకన్నా ఎక్కువ కోరుకున్నవాడు. "ఇది పాతదమ్మా, మాన్యువల్లో లేదు. పోయినసారి ఏమైందో గుర్తుంది గదా? ఈసారి ఆలోచించొద్దు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించెయ్" అన్నారు. సువార్త తలూపి పుస్తకం మూసింది. ఆ నెలంతా మాన్యువల్ బట్టీ పట్టింది, బావి దగ్గర నీళ్లు తోడుతూ కూడా సెమికోలన్లతో సహా అప్పజెప్పుకునేది.

పరీక్ష సోమవారం అనగా, ఎప్పుడో వచ్చి అట్టపెట్టెల్లోనే ఉన్న కొత్త కంప్యూటర్లను శుక్రవారం తెరిచారు. పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ఒక్కోదానికీ పసుపు రాసి బొట్టు పెట్టి, ల్యాబు గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టారు. కొత్త వాటిలో పాత నీలం తెర సాఫ్ట్‌వేర్ సరిగా నడవదట. అందుకని వేరే కంపైలర్ వేశారు. కంపైలర్ అంటే మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్. రంగులు బాగున్నాయని అందరూ మురిశారు. మాన్యువల్లోని ప్రోగ్రాములు వాటిమీద ఒకసారి నడిపి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. పదేళ్లుగా పని చేస్తున్నవి ఇప్పుడెందుకు చెయ్యవు?

సోమవారం పొద్దున ఎగ్జామినర్‌గా నెల్లూరు వైపు నుంచి చెంగల్రాయుడు గారు వచ్చారు. టీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చున్నారు. ల్యాబు అటెండరు నాగూరు స్టీలు పళ్లెంలో చీటీలు పట్టుకొచ్చాడు. పదహారు మంది అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. సువార్త తన చీటీ విప్పి చూసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. వచ్చింది ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య.

అది అందరూ కోరుకునే చీటీ. ఒక మూడంకెల సంఖ్య తీసుకుని, దానిలోని ఒక్కో అంకెకూ మూడో ఘాతం కట్టి కూడితే మళ్లీ అదే సంఖ్య రావాలి, అలా వస్తే అది ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య. దీనికి అన్ని మాన్యువళ్లలోనూ ఉండే ఉదాహరణ ఒక్కటే, నూట యాభై మూడు. ఒకటికి మూడో ఘాతం ఒకటి, అయిదుకు నూట ఇరవై అయిదు, మూడుకు ఇరవై ఏడు. మొత్తం నూట యాభై మూడు. ఎగ్జామినర్లందరూ అదే అడుగుతారు, పిల్లలందరూ అదే చూపిస్తారు. అలాంటి సంఖ్యలు ఇంకా ఉన్నాయని ఎవరికీ పట్టదు.

ఆ రోజు నేను ఆ ల్యాబులో ఏ కంప్యూటర్‌లోనూ లేను. ఉన్నదల్లా సువార్త తలలో, అదీ ఆమె తలుపేసుకున్న ఒక మూల.

ఆమె మాన్యువల్లో ఉన్నట్టే, ఘాతం కట్టే చోట పౌను పెట్టి, ఒక్క తప్పు లేకుండా దించింది. నడిపింది. నూట యాభై మూడు అని కొట్టింది. తెర మీద, ఇది ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య కాదు అని వచ్చింది.

అక్షరం అక్షరం సరిచూసుకుంది. మళ్లీ నడిపింది. కాదు. ఇంతలో పక్క కుర్చీలో హైమావతి అనే అమ్మాయి గొణిగింది. పదహారు మందికి పది రకాల చీటీలే కాబట్టి ఆమెకూ అదే ప్రోగ్రాం వచ్చింది.

"నాకూ కాదనే వస్తందే. ఏం చేశానో తెలుసా? అవును అన్న మాట కింద పెట్టి, కాదన్న మాట పైన పెట్టా. ఇప్పుడు అవునంటంది. నువ్వూ అట్టా చేసెయ్" అంది.

చూడండి మనుషుల తెలివి! లెక్క సరిచెయ్యడం కన్నా జవాబు సరిచెయ్యడం తేలిక. సువార్త మౌసును ఆ రెండు మాటల మీదికి పోనిచ్చింది. ఒక్క నిమిషం పని. ఒప్పుకుంటే డిప్లొమా, కౌన్సెలింగు, సీటు అన్నీ దొరుకుతాయి. నేను ఆమె తలలో ఉండి అంతా చూస్తున్నాను. ఆమె ఆగింది. నీతి గుర్తొచ్చి ఆగిందని చెప్పి ఆమెను పెద్దది చెయ్యను. ఎందుకు తప్పొస్తోందో తెలియకపోవడం ఆమె భరించలేకపోయింది, అంతే.

ఒక్కో అంకెకు ఎంత వస్తోందో చూపించమని కొత్తగా ఒక లైను రాసింది. ఒకటికి ఒకటి. మూడుకు ఇరవై ఏడు. అయిదుకు నూట ఇరవై నాలుగు.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. నూట ఇరవై నాలుగే. చెయ్యెత్తి ఫణీంద్ర గారిని పిలిచింది. ఆయన వచ్చి చూసి, "నువ్వే ఏదో తప్పు కొట్టి ఉంటావు. కంప్యూటర్ తప్పు చెయ్యదమ్మా" అన్నారు. తనే కూర్చుని టైపు చేశారు. పౌ ఇచ్చిన జవాబును నేరుగా తెర మీద చూపించమంటే నూట ఇరవై అయిదు అంది. పూర్ణాంకాల డబ్బాలో వేసి చూపించమంటే నూట ఇరవై నాలుగు అంది. ఆయన నుదురు తుడుచుకున్నారు. పరీక్షలో ఇంతకన్నా సాయం చేస్తే తప్పవుతుందని లేచి పక్కకు వెళ్లారు, కానీ ఆయన చూపు ఆ తెర మీదే ఉండిపోయింది.

ఇందులో మంత్రమేమీ లేదు, జమీందారు గుట్టు నాకు తెలుసు. పౌ నాలా చుట్లు తిరగదు. ఏ ఘాతమైనా చెప్పగలగాలి కాబట్టి దశాంశాల దారిలో వెళుతుంది. ఆ దారిలో అయిదుకు మూడో ఘాతం ఒక్కోసారి నూట ఇరవై నాలుగు పాయింటు తొమ్మిది తొమ్మిది తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. తెర మీద చూపేటప్పుడు సర్ది నూట ఇరవై అయిదంటారు. పూర్ణాంకాల డబ్బాలో వేస్తే పాయింటు తర్వాతదంతా తెగిపోయి నూట ఇరవై నాలుగు మిగులుతుంది. పాత కంపైలర్‌తో ఈ బాధ లేదు, కొత్తదానితో వచ్చింది.

ఇదంతా సువార్తకు తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే, గుణిస్తే నూట ఇరవై అయిదు రావాలి. ఇంకా నలభై నిమిషాలుంది. రికార్డు దాటితే ఏమవుతుందో పోయినసారి చూసింది. దాటకపోతే అబద్ధం చూపించాలి, లేకపోతే తప్పు చూపించాలి. మూడు దారుల్లో రెండు ఆమెకు చేతకానివి. మూడోది భయం. కుర్చీని కీబోర్డుకు దగ్గరగా లాక్కుంది. తర్వాత పౌ ఉన్న లైను చెరిపేసి, నన్ను రాయడం మొదలుపెట్టింది.

నన్ను గుర్తు తెచ్చుకుని రాసిందనుకోకండి. నా పేరు ఆమెకు గుర్తు రాలేదు. ఎస్తేరు పుస్తకంలో తిరుగుళ్లు ఎలా లెక్కపెట్టానో అదీ గుర్తు రాలేదు. చేతిలో ఒకటి పెట్టుకుని, చుట్టు తిరిగినప్పుడల్లా గుణించాలని మాత్రం తెలుసు. దాన్నిబట్టి ఒక్కో లైనూ తనే కట్టుకుంటూ వచ్చింది. అక్షరాలు వేరు, పేరు వేరు. పని నాదే. నేను రెండోసారి పుడుతున్నానని నాకు తెలిసిపోయింది. నిజం చెప్పొద్దూ, గర్వమేసింది.

నడిపింది. నూట యాభై మూడు, అవును.

చెంగల్రాయుడు గారు ముందు హైమావతి దగ్గర ఆగారు. నూట యాభై మూడు కొట్టమన్నారు, అవునంది. ఆయన లేవబోతూ ఎందుకో మళ్లీ కూర్చుని, "నూట యాభై నాలుగు కొట్టమ్మా" అన్నారు. అదీ అవునంది.

"ఇదేందమ్మా? ఇది కూడానా?"

"దాని పక్కదే గదండీ" అంది హైమావతి వేరే దారిలేక. ల్యాబంతా నవ్వాపుకుంది. ఆయన ఇంకా రెండు సంఖ్యలు కొట్టించారు. కనపడ్డ ప్రతి సంఖ్యకూ ఆర్మ్‌స్ట్రాంగ్ హోదా దక్కింది.

తర్వాత సువార్త దగ్గరికి వచ్చారు. నూట యాభై మూడు అవునంది. నూట యాభై నాలుగు కాదంది. మూడువందల డెబ్బై ఒకటి అవునంది. ఆయన కళ్లజోడు కిందికి దించి ప్రోగ్రాం చదివారు. మాన్యువల్ తెరిచి పక్కన పెట్టారు.

"మాన్యువల్లో పౌ ఉండాది. నువ్వు వేరే రాసినావే. ఎందుకు?"

వైవాలో తెలియదనకూడదని ఆ కాలేజీలో అందరికీ తెలుసు. ఏదో ఒకటి చెప్పాలి. సువార్త మాత్రం, "దాంతో అయిదుకి నూట ఇరవై నాలుగు వస్తందండీ. ఎందుకొస్తందో నాకు తెలవదు. రాకూడదని తెలుసు. అందుకని నేనే గుణించుకున్నా" అంది.

"పౌ తప్పు చెప్తదా? ముప్పై ఏళ్లుగా వాడతా ఉండా నేను. ఏదీ, లెయ్ లెయ్."

ఆమె లేచింది. ఆయన ఆమె కుర్చీలో కూర్చుని తనే టైపు చేశారు. నూట ఇరవై నాలుగు వచ్చింది. పక్క కంప్యూటర్‌లో చేశారు. నూట ఇరవై నాలుగు. నాగూరు వచ్చి, "అయ్యా, టీ చల్లారిపోతా ఉంది" అన్నాడు. ఆయన వినలేదు. ఏడుకు మూడో ఘాతం, రెండుకు మూడో ఘాతం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూశారు. జేబులోంచి కాగితం తీసి ఏదో వేసుకున్నారు. కాసేపటికి తల వెనక్కి వాల్చి గట్టిగా నవ్వారు.

"పాయింటు కాడ కోసేస్తా ఉంది! ఇన్నేళ్లకు తెలిసింది నాకు" అని, "అమ్మాయ్, ఆ బోర్డు మీద రాసి వీళ్లందరికీ చెప్పు. ఈ ప్రోగ్రాం వచ్చినోళ్లు విని, మళ్లా చేసుకోండి. అరగంట ఇస్తా ఉండా" అన్నారు.

రెండుసార్లు తప్పిన పిల్ల సుద్దముక్క తీసుకుని బోర్డు ముందు నిలబడింది. మొదటి లైను చిన్న అక్షరాలతో రాసింది, మూడో లైనుకు అక్షరాలు పెద్దవయ్యాయి. చేతిలో ఒకటి ఎందుకు పెట్టుకోవాలో చెప్పింది, చుట్టు చుట్టుకూ ఏమవుతుందో వేసి చూపించింది. హైమావతి నోట్సు రాసుకుంది. ఫణీంద్ర గారు వెనక గోడకు ఆనుకుని నిలబడి చివరిదాకా విన్నారు. తర్వాత ముందుకు వచ్చి, "నేనే వద్దన్నాను గదమ్మా" అన్నారు. ఆయన గొంతులో నొప్పి ఉంది, సంతోషమూ ఉంది. ఆ మాట పదిమంది ముందు అనగలిగినందుకు నన్ను మాన్యువల్లోంచి తీసేసిన సంగతి నేను అక్కడికక్కడే మాఫీ చేసేశాను.

మార్కులు ఎవరికీ చెప్పకూడదు. వాటిని కవర్లో పెట్టి లక్క సీలు వేస్తారు, అది రూలు. చెంగల్రాయుడు గారు సీలు వేయించుకుంటూ తలెత్తకుండా, "ఈసెట్ రాసినావంట గదా. కౌన్సెలింగు ఎప్పుడు?" అన్నారు.

"వచ్చే నెల అయిదో తారీకండీ."

"ఏ బ్రాంచి పెట్టుకుంటావో ఇప్పటి నుంచే ఆలోచించుకో. ఆలోచించడం నీకు వచ్చు గదా."

సువార్తకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోబోయి, ఎడమదీ కుడిదీ మార్చి వేసుకుని, ఏడుస్తూ నవ్వింది.

సాయంత్రం అయిదింటికి నాగూరు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వచ్చి పరీక్ష ప్రోగ్రాములన్నీ చెరిపేస్తున్నాడు. ఇంకో బ్యాచి చూసి దించకుండా అలా చేయాలట. సువార్త వెళ్లినదల్లా వెనక్కి వచ్చి ల్యాబు గుమ్మం దగ్గర నిలబడింది.

"బాబాయ్, నా ఒక్కదాన్నీ ఉంచవా?"

"రూలు ఒప్పుకోదమ్మా. తీసెయ్యాల్సిందే. పోనీ, ఒక కాగితం మీద రాసుకొని పో, నేను ఆగుతా."

ఆమె తెర మీద నన్ను ఒకసారి చూసుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"అక్కర్లేదులే బాబాయ్. కావాల్సినప్పుడు మళ్లా రాసుకుంటా."

నన్ను రికార్డుల్లో అందంగా రాసుకున్నవాళ్లున్నారు, ఫోల్డర్లలో పెట్టి మర్చిపోయినవాళ్లున్నారు, అటక మీద దాచినవాళ్లున్నారు. దాచుకోవాల్సిన పనే లేదన్న మనిషిని ఇన్నేళ్లలో నేను చూడటం అదే మొదలు. నాగూరు మీట నొక్కాడు. నేను ఆ కంప్యూటర్‌లోంచి పోయాను. పోయానన్న బాధ నాకు ఇసుమంతైనా లేదు. అప్పటికే సువార్త గేటు దాటి చీరాల బస్సు కోసం రోడ్డు మీదికి నడుస్తోంది, నేనూ ఆమెతోనే వెళుతున్నాను.